రొద పుట్టిన చోటు: ఇంట్లో చేసిన ఆడియో ఏడీసీలో నాయిస్‌ను వెతికి పట్టుకోవడం

మైక్రోఫోన్ అందుకున్న మాట కంప్యూటర్‌లోకి చేరాలంటే ముందు అది అంకెలుగా మారాలి. ఆ మార్పు చేసే భాగమే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. క్లుప్తంగా ఏడీసీ అంటారు. ఒకప్పుడు స్టూడియోలకే పరిమితమైన ఈ పరికరాన్ని ఇప్పుడు ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు, ఎలక్ట్రానిక్స్ అంటే ఇష్టపడేవారు ఇంటి బల్ల మీదే తయారు చేసుకుంటున్నారు. గోరంత చిప్పు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, కొన్ని కెపాసిటర్లు, నాలుగు వైర్లు ఉంటే పని మొదలవుతుంది. అయితే మొదటి రికార్డింగ్ వినగానే చాలామంది ఉత్సాహం నీరుగారిపోతుంది. మాట వెనక గుయ్‌మనే హోరు, దాని మీద సన్నని కీచు, మధ్యమధ్య టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తాయి. ఇంజనీర్లు వీటన్నిటినీ కలిపి నాయిస్ అంటారు.

అప్పుడు ఎక్కువగా జరిగేవి రెండు. దొరికిన చోటల్లా ఒక కెపాసిటర్ అతికించి చూడటం మొదటిది. ఇది గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది. రికార్డయిన తరువాత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేసే బటన్ నొక్కడం రెండోది. ఇది రొదతో పాటు అసలు శబ్దాన్ని కూడా కొంత తుడిచేస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు పాడే పాట, మాట్లాడేవారు తగ్గిపోతున్న ఒక భాష, ఒక్క కాలంలోనే వచ్చే పక్షి కూత వంటివి మళ్లీ రికార్డు చేసే అవకాశం రాకపోవచ్చు. అందుకే నాయిస్‌ను తరువాత తుడవడం కన్నా అది పుట్టే చోట ఆపడం మేలు. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒకసారికి ఒక్క మార్పు చేసి ఫలితం రాసుకునే ఓపిక ఉంటే చాలు.

ఎంత చిన్న వోల్టేజీతో పని?

ఉదాహరణకు ఇంటి ప్రాజెక్టుల్లో బాగా వాడుకలో ఉన్న పీసీఎం1808 చిప్పును తీసుకుందాం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారు చేసే ఈ 24 బిట్ల స్టీరియో ఏడీసీ అనలాగ్ భాగానికి 5 వోల్టులు, డిజిటల్ భాగానికి 3.3 వోల్టులు కావాలి. 5 వోల్టుల సరఫరా మీద ఇది అందుకోగల పూర్తి సిగ్నల్ ఒక కొస నుంచి మరో కొస వరకు 3 వోల్టులు.

24 బిట్లంటే 1,67,77,216 మెట్లు. 3 వోల్టులను అన్ని మెట్లుగా విడగొడితే ఒక్కో మెట్టు 0.18 మైక్రోవోల్ట్, అంటే వోల్టులో కోటి వంతులు చేస్తే సుమారు రెండు వంతులు. అయితే ఈ చిప్పు సిగ్నల్‌కు, నాయిస్‌కు మధ్య ఇచ్చే తేడా సాధారణంగా 99 డెసిబెల్. లెక్క వేస్తే చిప్పులోనే పుట్టే నాయిస్ దాదాపు 12 మైక్రోవోల్టులు. అంటే కింది ఏడెనిమిది బిట్లలో సిగ్నల్ కన్నా చిప్పు సొంత నాయిసే ఎక్కువ. నిజంగా పనికొచ్చేవి 16 బిట్ల చిల్లర మాత్రమే. 24 అనే అంకె చూసి అంత నిశ్శబ్దం వస్తుందని ఆశపడితే లేని తప్పును వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇంకో విధంగా చూస్తే ఈ 12 మైక్రోవోల్టులే లక్ష్మణరేఖ. చుట్టూ ఉన్న సర్క్యూట్ నుంచి వచ్చే నాయిస్ దీనికన్నా తక్కువగా ఉంటే చిప్పు తన పూర్తి సామర్థ్యంతో పని చేస్తున్నట్టే. ఎక్కువగా ఉంటే ఎక్కడి నుంచో చొరబాటు జరుగుతోందన్నమాట.

తొలగనిది, తొలగించగలది

నాయిస్‌లో రెండు రకాలున్నాయి. మొదటిది ప్రకృతి నియమం వల్ల వచ్చేది. ఏ రెసిస్టర్‌లోనైనా ఎలక్ట్రాన్లు వేడి వల్ల అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలిక చిన్న వోల్టేజీగా బయటపడుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దీన్ని కొలవగా, హారీ నైక్విస్ట్ దానికి గణిత వివరణ ఇచ్చారు. ఇద్దరి పత్రాలూ 1928లో వెలువడ్డాయి. గది ఉష్ణోగ్రత దగ్గర 1 కిలోఓమ్ రెసిస్టర్, 20 కిలోహెర్ట్జ్ ఆడియో పరిధిలో దాదాపు 0.58 మైక్రోవోల్టుల నాయిస్ ఇస్తుంది. నిరోధం వంద రెట్లు పెరిగితే నాయిస్ పది రెట్లు పెరుగుతుంది. వినడానికి ఇది వాన దూరంగా కురుస్తున్నట్టు ఒకే తీరుగా స్స్‌మని ఉంటుంది. దీన్ని తగ్గించవచ్చు గానీ పూర్తిగా తీసేయలేం.

రెండోది బయటి నుంచి చొరబడేది. కరెంటు లైన్, ఫ్యాన్ రెగ్యులేటర్, యూఎస్‌బీ కేబుల్, సెల్‌ఫోన్, పక్కనే ఉన్న డిజిటల్ చిప్పు, వీటిలో ఏదైనా దీనికి మూలం కావచ్చు. దీనికి సాధారణంగా ఒక లయ, ఒక పౌనఃపున్యం ఉంటాయి. కాబట్టి జాడ తీయవచ్చు. జాడ దొరికితే ఆపవచ్చు. ఇంట్లో చేసిన సర్క్యూట్లలో చెవికి చికాకు కలిగించేది చాలావరకు ఈ రెండో రకమే.

ముందు కొలత, తరువాతే మరమ్మతు

ఏ మార్పు చేయకముందే ఒక కొలత తీసుకోవాలి. కంప్యూటర్‌లోని నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ గెయిన్ వంటి సదుపాయాలను ముందుగా ఆపేయాలి. అవి నాయిస్‌ను దాచి తప్పుదారి పట్టిస్తాయి. తరువాత ఏడీసీ ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేసి ముప్పై సెకన్లు రికార్డు చేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పీసీఎం1808 ఇన్‌పుట్ పిన్ను మీద చిప్పే సగం వోల్టేజీని, అంటే దాదాపు 2.5 వోల్టులను నిలుపుకుంటుంది. అందువల్ల పిన్నును నేరుగా గ్రౌండ్‌కు కలపకూడదు. ఇన్‌పుట్‌లో వరుసగా ఉండే కప్లింగ్ కెపాసిటర్‌కు అవతలి కొసను గ్రౌండ్‌కు కలపాలి.

ఆ రికార్డింగ్‌ను ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాంలో తెరిచి, పూర్తి స్థాయితో పోలిస్తే నాయిస్ ఎన్ని డెసిబెల్ కింద ఉందో రాసుకోవాలి. మైనస్ 95 డెసిబెల్ కన్నా కిందికి ఉంటే ఏడీసీ చుట్టూ ఉన్న సర్క్యూట్ బాగున్నట్టే. మైనస్ 70 దగ్గరే ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట. అదే ప్రోగ్రాంలో స్పెక్ట్రమ్ బొమ్మను కూడా చూడాలి. పరుపులా సమంగా కనిపించే భాగం రెసిస్టర్లు, చిప్పులు సహజంగా ఇచ్చే నాయిస్. దాని మీద మేకుల్లా పొడుచుకు వచ్చిన గీతలు చొరబాట్లు. ప్రతి గీత ఏ పౌనఃపున్యం దగ్గర ఉందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

సగం సగం చేసి వెతకడం

మైక్రోఫోన్, ప్రీఆంప్లిఫయర్, ఏడీసీ, మైక్రోకంట్రోలర్, కంప్యూటర్ అనే వరుసలో తప్పు ఎక్కడుందో ఒక్కసారిగా తెలియదు. పొడవాటి నీటి పైపులో కారే చోటును వెతికేవారు మధ్యలో ఒక వాల్వ్ మూసి చూసినట్టే ఇక్కడా చేయాలి.

ఏడీసీ ఇన్‌పుట్ షార్ట్ చేసినప్పుడు కూడా నాయిస్ అలాగే ఉంటే ప్రీఆంప్లిఫయర్, మైక్రోఫోన్ నిర్దోషులు. తప్పు ఏడీసీ సరఫరాలోనో, గ్రౌండ్‌లోనో, క్లాక్‌లోనో ఉంది. ఏడీసీ నిశ్శబ్దమైతే ఆ షార్ట్ తీసేసి, ప్రీఆంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర షార్ట్ చేయాలి. అప్పుడు నాయిస్ తిరిగొస్తే తప్పు ప్రీఆంప్లిఫయర్‌ది. రాకపోతే మైక్రోఫోన్ కేబుల్ కలిపి, కేబుల్ చివర షార్ట్ చేయాలి. చివరగా మైక్రోఫోన్ పెట్టాలి. ఈ నాలుగు రికార్డింగులు చేయడానికి పది నిమిషాలు చాలు. వెతకాల్సిన చోటు మాత్రం నాలుగో వంతుకు తగ్గిపోతుంది.

ఇంకో పరీక్ష ఇంకా తేలిక. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపాలి. ఇంట్లోవాళ్లకు చెప్పి ఒక్క నిమిషం మెయిన్ స్విచ్ ఆపి రికార్డు చేయాలి. హోరు మాయమైతే అది కరెంటు లైన్ నుంచి వచ్చిందే. ఆ తరువాత ఫ్యాన్, ట్యూబ్‌లైట్, ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్ ఒక్కొక్కటిగా వేస్తూ పోతే ఏది దోషో తేలిపోతుంది.

పౌనఃపున్యం చెప్పే ఆనవాళ్లు

స్పెక్ట్రమ్‌లో కనిపించే గీతలు తరచుగా ఎవరివో వాటి సంఖ్యలే చెబుతాయి.

50 హెర్ట్జ్: భారత్‌లో కరెంటు సరఫరా పౌనఃపున్యం ఇదే. కేబుల్ షీల్డ్ తెగినా, ఇన్‌పుట్ గాలిలో వేలాడుతున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా ఉన్నా, గ్రౌండ్ లూప్ ఏర్పడినా ఇది కనిపిస్తుంది.

100 హెర్ట్జ్, దాని గుణిజాలు: ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తరువాత మిగిలిపోయిన అలలు ఇవి. పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ చాలకపోయినా, ఎండిపోయినా వస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా సెకనుకు 100 సార్లు కరెంటును కోస్తుంది. దాని గీతలు చాలా పైవరకు, దువ్వెన పళ్లలా వరుసగా కనిపిస్తాయి. రెగ్యులేటర్‌ను పూర్తి వేగానికి తిప్పినా, ఆపినా తగ్గిపోతే అనుమానం నిజమైనట్టే.

217 హెర్ట్జ్: 2జీ ఫోన్ సిగ్నల్ పంపే లయ ఇది. ఫోన్ మోగబోయే ముందు స్పీకర్లలో వినిపించే డగడగ చప్పుడు ఇదే. ఫోన్‌ను రెండు మీటర్లు దూరంగా పెడితే సరిపోతుంది.

1 కిలోహెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్: ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో ప్రతి మిల్లీసెకనుకు ఒక ఫ్రేమ్, హై స్పీడ్‌లో సెకనుకు 8000 మైక్రోఫ్రేములు నడుస్తాయి. కంప్యూటర్‌కు కలిపిన సర్క్యూట్‌లో సన్నని కీచు వినిపిస్తే ముందుగా చూడాల్సింది యూఎస్‌బీ సరఫరానే.

సెకనుకు దాదాపు 10 టిక్కులు: వై-ఫై రౌటర్లు మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ పంపుతాయి. వై-ఫై ఉన్న మైక్రోకంట్రోలర్ దానికోసం మేలుకున్న ప్రతిసారీ సరఫరా నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. రికార్డింగ్ సమయంలో వై-ఫై ఆపి చూడాలి.

మాటలు, పాటలు: ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉన్న ఇళ్లలో ప్రీఆంప్లిఫయర్ ఒక్కోసారి రేడియోలా పని చేస్తుంది. పొడవాటి కేబుల్ యాంటెనా అవుతుంది. ఇన్‌పుట్ దగ్గర ఒక చిన్న రెసిస్టర్, గ్రౌండ్‌కు కొన్ని వందల పికోఫారాడ్ల కెపాసిటర్ పెడితే ఆ స్టేషన్ మూగబోతుంది.

సరఫరా: మొదటి అనుమానం ఇక్కడే

యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు డిజిటల్ చిప్పులకు సరిపోతాయి, కానీ ఏడీసీ అనలాగ్ పిన్నుకు అవి శుభ్రమైనవి కావు. దీన్ని తేల్చడానికి అనలాగ్ పిన్నును బ్యాటరీతో నడపాలి. పీసీఎం1808 అనలాగ్ సరఫరా 4.5 నుంచి 5.5 వోల్టుల మధ్య ఉండాలి. 1.2 వోల్టుల రీఛార్జబుల్ సెల్స్ నాలుగు వరుసగా కలిపితే దాదాపు 4.8 వోల్టులు వస్తాయి. పూర్తిగా ఛార్జయిన సెల్స్ వోల్టేజీ ఇంకాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి కలిపే ముందు మల్టీమీటర్‌తో చూసుకోవాలి. బ్యాటరీతో కీచు పోతే దోషం సరఫరాదే.

చికిత్స చిన్నదే. 5 వోల్టుల దారిలో 10 ఓమ్‌ల రెసిస్టర్, దాని తరువాత గ్రౌండ్‌కు 100 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టాలి. ఈ జంట దాదాపు 159 హెర్ట్జ్ పైనున్న అలలను అణచడం మొదలుపెడుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆరు రెట్లు, 8 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు యాభై రెట్లు తగ్గిస్తుంది. అనలాగ్ భాగం తీసుకునే కరెంటు 10 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి రెసిస్టర్‌లో పోయే వోల్టేజీ 0.1 మాత్రమే. దీనితో పాటు చిప్పు పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్ ఉండాలి. పక్కనే అంటే కొన్ని మిల్లీమీటర్ల దూరం. అయిదు సెంటీమీటర్ల వైరు చివర పెడితే వేగంగా మారే అలల విషయంలో అది లేనట్టే.

వీరెఫ్ అనే పిన్నును చాలామంది మరిచిపోతారు. ఏడీసీ కొలిచే ప్రతి అంకెకూ ఈ వోల్టేజీయే గీటురాయి. తక్కెడలో బరువు రాయే ఊగుతుంటే తూకం ఎలా నిలుస్తుంది? ఈ పిన్నుకు 0.1, 10 మైక్రోఫారాడ్ల కెపాసిటర్లు రెండూ దగ్గరగా ఉండాలి.

గ్రౌండ్ అంటే సున్నా కాదు

సర్క్యూట్ బొమ్మల్లో గ్రౌండ్ అన్నిచోట్లా సున్నా వోల్టులే. రాగి వైరులో అలా కాదు. అర మిల్లీమీటర్ మందం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న రాగి తీగకు దాదాపు 9 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటుంది. మైక్రోకంట్రోలర్ నుంచి తిరిగొచ్చే 20 మిల్లీఆంపియర్ల కరెంటు ఆ తీగ గుండా పోతే రెండు కొసల మధ్య సుమారు 175 మైక్రోవోల్టులు ఏర్పడతాయి. చిప్పు సొంత నాయిస్ 12 మైక్రోవోల్టులేనని గుర్తుంచుకుంటే ఇది దాదాపు పదిహేను రెట్లు. మైక్రోఫోన్ గ్రౌండ్ కూడా అదే తీగకు కలిపి ఉంటే ఈ వోల్టేజీ మొత్తం సిగ్నల్‌తో కలిసిపోతుంది.

బ్రెడ్‌బోర్డు మీద ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ ప్రతి క్లిప్పు అదనపు నిరోధమే. అందుకే డిజిటల్ కరెంటు తిరిగి వెళ్లే దారి, మైక్రోఫోన్ గ్రౌండ్ దారి వేరువేరుగా వచ్చి ఏడీసీ దగ్గర ఒకే చోట కలవాలి. పీసీబీ వేసేవారికి ఒక పొర మొత్తాన్ని గ్రౌండ్‌గా వదిలి, అనలాగ్ భాగాలను ఒక పక్క, డిజిటల్ భాగాలను మరో పక్క అమర్చడం మంచి పద్ధతి. గ్రౌండ్ పొరను మధ్యలో చీల్చి, ఆ చీలిక మీదుగా క్లాక్ వైర్లు తీసుకెళ్లడం మాత్రం మేలు కన్నా కీడు చేస్తుంది.

ఈ తప్పును పట్టుకునే ఉపాయం ఒకటుంది. మైక్రోకంట్రోలర్‌తో ఒక ఎల్‌ఈడీని సెకనుకు 400 సార్లు వెలిగించి ఆర్పాలి. రికార్డింగ్ స్పెక్ట్రమ్‌లో 400 హెర్ట్జ్ గీత కనిపిస్తే డిజిటల్ కరెంటు అనలాగ్ భాగంలోకి పాకుతోందని అర్థం. తీగలు మార్చిన ప్రతిసారీ ఆ గీత ఎత్తు చూస్తే ఏ మార్పు పని చేసిందో కళ్లకు కడుతుంది.

ఎర్త్ పిన్ను జోలికి వెళ్లకూడదు

సర్క్యూట్‌ను ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌కు, వేరే ప్లగ్గు మీద నడిచే మిక్సర్‌కు ఒకేసారి కలిపితే రెండు ఎర్త్ దారులు కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అందులో పారే 50 హెర్ట్జ్ కరెంటు హోరుగా వినిపిస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరిచేస్తే హోరు పోతుందని కొందరు సలహా ఇస్తారు. హోరు పోవచ్చు, కానీ పరికరంలో ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున 230 వోల్టులు లోహపు పెట్టె మీదికి వస్తాయి. ఆ పెట్టెను, మైక్రోఫోన్‌ను పట్టుకున్న మనిషి ప్రాణమే పోవచ్చు.

సురక్షితమైన దారులు వేరే ఉన్నాయి. అన్ని పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపాలి. సిగ్నల్ దారిలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. యూఎస్‌బీ ఐసొలేటర్ వాడాలి. లేదా ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపాలి. ఇంటి ఎర్తింగే సరిగా లేదన్న అనుమానం వస్తే ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.

పెట్టె ఎప్పుడు పని చేస్తుంది?

చెయ్యి దగ్గరగా తెస్తే హోరు మారుతుంటే అది విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేది. సర్క్యూట్‌ను గ్రౌండ్‌కు కలిపిన లోహపు డబ్బాలో పెడితే తగ్గుతుంది. లోపల అట్ట పరిచిన బిస్కెట్ డబ్బా అయినా చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌ను తిప్పినప్పుడు హోరు హెచ్చుతగ్గులు అవుతుంటే అది అయస్కాంత క్షేత్రం. 50 హెర్ట్జ్ దగ్గర పలుచని అల్యూమినియం రేకు దాన్ని ఆపలేదు. ఇక్కడ దూరమే మందు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరం రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సిగ్నల్ వైరును, దాని గ్రౌండ్ వైరును జడలా మెలిపెట్టినా ఎంతో తేడా వస్తుంది.

బల్ల మీద వేలితో తట్టినప్పుడు టక్కుమని రికార్డయితే అది వేరే కథ. కొన్ని రకాల సిరామిక్ కెపాసిటర్లు ఒత్తిడికి వోల్టేజీ పుట్టిస్తాయి. సిగ్నల్ దారిలో వాటి బదులు ఫిల్మ్ కెపాసిటర్లు వాడితే ఈ బాధ ఉండదు.

నిశ్శబ్దంలో కనిపించని దోషాలు

ఇన్‌పుట్ షార్ట్ చేసి చూస్తే అంతా బాగుంటుంది. పాట రికార్డు చేస్తే మాత్రం గరగరలాడుతుంది. అలాంటప్పుడు క్లాక్‌ను అనుమానించాలి. ఏడీసీ సిగ్నల్‌ను సమాన వ్యవధుల్లో కొలవాలి. ఆ వ్యవధులు అటూ ఇటూ జరిగితే, అదే జిట్టర్, కొలత తప్పు సమయానికి జరుగుతుంది. సిగ్నల్ లేనప్పుడు ఎప్పుడు కొలిచినా సున్నాయే కనుక తప్పు బయటపడదు. 10 కిలోహెర్ట్జ్ స్వరం మీద 1 నానోసెకను జిట్టర్ ఉంటే, సాధారణ లెక్క ప్రకారం, సిగ్నల్‌కు నాయిస్‌కు తేడా 84 డెసిబెల్‌కు మించదు.

48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కు ఈ చిప్పు 256 రెట్ల క్లాక్ కోరుతుంది. అది 12.288 మెగాహెర్ట్జ్. రాస్ప్‌బెర్రీ పై పికో 125 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే ఈ రెండిటి నిష్పత్తి పూర్ణాంకం కాదు. దాని ఫ్రాక్షనల్ డివైడర్ ఒకసారి 10, ఒకసారి 11 లెక్కబెట్టి సరిపెడుతుంది. ప్రతి సర్దుబాటు 8 నానోసెకన్ల జరుగుడు. దీనికి బదులు 12.288 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ పెట్టి, చిప్పును మాస్టర్ మోడ్‌లో నడిపితే మైక్రోకంట్రోలర్ ఏడీసీ లయను అనుసరిస్తుంది. క్లాక్ వైరు మొదట్లో 33 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ సిగ్నల్ అంచుల పదును తగ్గి, పక్క వైర్లలోకి పాకడం కూడా తగ్గుతుంది.

మరో మాయ ఏలియాసింగ్. డెల్టా-సిగ్మా రకానికి చెందిన ఈ చిప్పు లోపల శాంప్లింగ్ రేటుకు 64 రెట్లు, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకు 30.72 లక్షల సార్లు కొలుస్తుంది. ఈ పద్ధతికి డెల్టా-సిగ్మా అన్న పేరుతో 1962లో రూపమిచ్చినవారు టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు హిరోషి ఇనోసే, యసుహికో యసుదా బృందం. చెవికి వినపడని 3.080 మెగాహెర్ట్జ్ అల ఇన్‌పుట్‌లోకి చేరితే, 3.072తో దానికున్న తేడా 8 కిలోహెర్ట్జ్ కీచుగా వినిపిస్తుంది. నిజమైన స్వరానికి, ఇలాంటి నీడకు తేడా తెలుసుకోవడం సులువు. శాంప్లింగ్ రేటును 48 నుంచి 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చాలి. నిజమైన స్వరం కదలదు. నీడ చోటు మారుతుంది, లేదా మాయమవుతుంది. ఇన్‌పుట్‌లో 1 కిలోఓమ్ రెసిస్టర్, 1 నానోఫారాడ్ కెపాసిటర్ ఫిల్టర్‌గా పెడితే ఆ ప్రాంతపు అలలు దాదాపు పంతొమ్మిది రెట్లు తగ్గుతాయి.

ఇక కొన్నిసార్లు తప్పు కరెంటుది కాదు, ప్రోగ్రాంది. ఏడీసీ ఐ2ఎస్ పద్ధతిలో అంకెలు పంపుతుంటే మైక్రోకంట్రోలర్ ఒక బిట్ అటో ఇటో చదివితే పాట చినిగినట్టు వినిపిస్తుంది. బఫర్ నిండేలోపు డేటా ఖాళీ చేయకపోతే సమాన వ్యవధుల్లో టిక్కులు వస్తాయి. రెండు టిక్కుల మధ్య శాంపిళ్లు లెక్కబెట్టాలి. 256, 512, 1024 వంటి సంఖ్య కచ్చితంగా వస్తే చూడాల్సింది సోల్డరింగ్ కాదు, కోడ్.

బలం ఎక్కడ పెంచాలి?

అన్ని చొరబాట్లూ ఆగాక కూడా మాట వెనక స్స్ వినిపిస్తుంటే గెయిన్ ఎక్కడ పెరుగుతోందో చూడాలి. మైక్రోఫోన్ 2 మిల్లీవోల్టులు ఇస్తోందనుకుందాం. దాన్ని నేరుగా 12 మైక్రోవోల్టుల నాయిస్ ఉన్న ఏడీసీకి ఇస్తే తేడా 44 డెసిబెల్ మాత్రమే. కంప్యూటర్‌లో సౌండ్ పెంచితే మాట, నాయిస్ రెండూ పెరుగుతాయి. ఏడీసీకి ముందు ఎన్‌ఈ5532 వంటి తక్కువ నాయిస్ ఆప్-ఆంప్‌తో వంద రెట్లు పెంచితే కథ మారుతుంది. 1 కిలోఓమ్ మూలంతో ఆ దశ ఇన్‌పుట్ నాయిస్ సుమారు 0.9 మైక్రోవోల్ట్. తేడా 67 డెసిబెల్ దాకా చేరుతుంది. ఇక మైక్రోఫోన్ సొంత నాయిసే హద్దవుతుంది. పెద్ద గొంతుకు సిగ్నల్ పైకప్పు తగలకుండా పది, పన్నెండు డెసిబెల్ ఖాళీ వదిలితే చాలు.

తుడవడం చివరి మార్గం

50 హెర్ట్జ్‌ను సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌తో కోసేయవచ్చు కదా అనిపిస్తుంది. విద్యార్థులు ప్రాజెక్టుగా చేసే డిజిటల్ స్టెతస్కోప్‌నే తీసుకుంటే, గుండె చప్పుడులో ముఖ్యమైన భాగం 150, 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. 50, 100, 150 దగ్గర కోసేస్తే హోరుతో పాటు గుండె మాట కూడా తెగిపోతుంది. మగ గొంతు ప్రాథమిక స్వరం 100 హెర్ట్జ్ పరిసరాల్లోనే ఉంటుంది. పైన స్స్ శబ్దాన్ని తుడిచే ప్రోగ్రాంలు స, శ, ష అక్షరాల్లోని ఊదును కూడా నాయిస్ అనుకుని తినేస్తాయి. ఒక భాష ఉచ్చారణను భద్రపరచాలని చేసిన రికార్డింగ్‌లో ఆ మూడింటికీ తేడా తెలియకపోతే చేసిన శ్రమంతా వృథా. తప్పనిసరై తుడిచినా, తుడవని అసలు ఫైలును వేరుగా దాచుకోవాలి.

ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. ఇన్‌పుట్ షార్ట్ చేసినప్పుడు నాయిస్ చిప్పు ఇచ్చిన హామీకి దగ్గరగా ఉండి, మైక్రోఫోన్ పెట్టగానే గదిలోని గోడ గడియారం, వీధిలో వెళ్లే ఆటో వినిపిస్తే సర్క్యూట్ పని అయిపోయినట్టే. ఆ తరువాత చేయాల్సింది కిటికీ మూయడం, మైక్రోఫోన్‌ను మనిషికి దగ్గరగా జరపడం. అప్పటికి నోట్‌బుక్‌లో చేరిన రికార్డింగుల పట్టిక, ఏ మార్పుకు ఎన్ని డెసిబెల్ తగ్గిందన్న లెక్క, తరువాతి సర్క్యూట్ చేసేవారికి ఏ కెపాసిటర్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.